నొక్కి పట్టడం, ముడి వేయడం

1894లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి బులెటిన్‌లో సర్జన్ హోవర్డ్ కెల్లీ ఒక వ్యాసం రాశారు. క్యాన్సర్ వచ్చిన గర్భసంచిని తీసేటప్పుడు రక్తం ఆగకపోతే రెండు వైపులా, కటి భాగానికి రక్తం తెచ్చే ఇంటర్నల్ ఇలియాక్ ధమనిని కట్టేయడం గురించి. ఆ ఆసుపత్రి తెరిచి అప్పటికి ఐదేళ్లు. బ్లడ్ బ్యాంకు అన్న మాటే లేదు. మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని లాండ్‌స్టైనర్ ప్రకటించడానికి ఇంకా ఏడేళ్లుంది. టేబుల్ మీద పోయిన రక్తం పోయినట్టే. అలాంటి రోజుల్లో కెల్లీ, రక్తం ఉబుకుతున్న చోటిని పట్టుకుని వేలాడకుండా, దానికి పైన, పొడిగా, అన్నీ కళ్లకు కనబడుతున్న చోట దారం వేశారు.

ఆ దారం వేసే పని నూట ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఇంచుమించు అలాగే నేర్పుతున్నారు. ఆపరేషన్‌లో పనితనం అనగానే మనకు చేతివేగం గుర్తొస్తుంది. మత్తుమందు లేని కాలంలో, కాలు తీసేయడానికి నిమిషాలు లెక్కపెట్టుకునే రోజుల్లో, ఆ వేగానికి విలువ ఉండేది. పొత్తికడుపు అడుగున కణితి తీస్తూ ఉండగా రక్తం పొంగితే కావలసింది అది కాదు. నా లెక్కలో అక్కడ సర్జన్ గొప్పతనం చెయ్యి కదపకుండా ఎంతసేపు ఉండగలరన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఎందుకో తెలియాలంటే ఆ చోటు ఎలాంటిదో తెలియాలి. కటి భాగం పైన వెడల్పుగా మొదలై కిందికి పోయే కొద్దీ ఇరుకవుతుంది. ముందు మూత్రాశయం, వెనక పురీషనాళం, ఆడవాళ్లలో ఈ రెంటి మధ్యా గర్భాశయం. పక్కగోడల వెంట కాళ్లకూ పొత్తికడుపుకూ వెళ్లే పెద్ద నాళాలు. వాటి చుట్టూ వలలా అల్లుకున్న సిరలు. ఆ సిరల గోడ తడి కాగితమంత పలచన. కణితి పెరిగిందంటే ఈ అమరికంతా పక్కకు జరుగుతుంది. పుస్తకంలో ఉన్న చోట ఏదీ ఉండదు, కణితికి మేత పెట్టే కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. ఇక రక్తం కారిందంటే అది చేరేది అడుక్కే, సర్జన్ చూడాల్సిన చోటికే. దీపం ఎంత వెలుగునిచ్చినా ఎర్రటి మడుగు తప్ప ఏమీ కనబడదు.

కనబడనప్పుడు చెయ్యి ఫోర్సెప్స్ అందుకుంటుంది. ఎర్రగా ఉన్న చోటల్లా పట్టేయాలనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళం, గర్భాశయ ముఖద్వారానికి రెండు సెంటీమీటర్లయినా దూరం లేని చోట, గర్భాశయ ధమని కిందుగా దూరి పోతుంది. గుడ్డిగా వేసిన ఒక్క పట్టులో రెండూ దొరకొచ్చు. రక్తం ఆగుతుంది, ఆ వైపు మూత్రపిండం దెబ్బ తింటుంది. సిర మీద గుడ్డిగా వేస్తే ఇంకో తంటా: చిన్న చిరుగు కాస్తా చీలిక అవుతుంది.

అందుకే మొదట నొక్కి పట్టాలి. రక్తం పీల్చే గుడ్డను, అంటే మాప్‌ని, మడిచి లోపలికి దించి, రక్తం వస్తున్న దిక్కున వేళ్లతో అదిమి ఉంచడం. ఇంకా ఉధృతంగా ఉంటే పిడికిలితో బృహద్ధమనిని వెన్నెముకకు అదిమి పట్టడం. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఏ బిరుదూ రాదు. కానీ చూడ్డానికి తేలికైన ఈ పనిలోనే చాలామంది ఓడిపోతారు. రెండు నిమిషాలు కాగానే అవతల నిలబడ్డ పీజీ విద్యార్థిని అడుగుతుంది, “మేడమ్, ఒక్కసారి ఎత్తి చూద్దామా?” అని. “వద్దమ్మా. గడియారం చూడు, పది నిమిషాలయ్యాక చెప్పు” అంటారు పెద్ద డాక్టరు. ఎత్తి చూసిన ప్రతిసారీ అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆ పది నిమిషాలూ గదిలో మిగతా అందరూ పనిలో ఉంటారు. రెండో సక్షన్ గొట్టం వస్తుంది. దీపం సర్దుతారు. సిస్టర్ పొడవాటి ఫోర్సెప్స్ ట్రేలో విడిగా పెడుతుంది, తడిసిన మాప్‌లు తూకం వేయిస్తుంది. గ్రాము బరువు పెరిగితే మిల్లీలీటరు రక్తం పోయినట్టు లెక్క. మత్తు డాక్టరు పడిపోయిన బీపీని నిలబెడతారు, బ్లడ్ బ్యాంకుకు ఫోన్ వెళ్తుంది. అంటే ఆ చెయ్యి కదలకుండా ఉండటం వల్ల పది చేతులకు వ్యవధి దొరుకుతోంది. తర్వాత మాప్‌ని పెరికినట్టు తీయరు. ఒక మూల నుంచి చుట్టుకుంటూ వస్తారు, కారే చోట్లు ఒక్కొక్కటే బయటపడేలా. చాలాసార్లు అప్పటికే సగం ఆగిపోయి ఉంటాయి.

ఆగకపోతే కెల్లీ దారి.

ఆ దారిలో మొదటి అడుగు రక్తం లేని చోటికి వెళ్లడం. కటి పక్కగోడను కప్పి పెరిటోనియం అనే పలుచని మెరుపు పొర ఉంటుంది. అండాశయానికి వెళ్లే నాళాలకు బయటి పక్కగా, వాటికి సమాంతరంగా ఆ పొరను కోస్తారు. కింద ఉండే వదులు కణజాలాన్ని కత్తెరతో కాక వేలితో, చిన్న స్పాంజితో మెల్లగా తోస్తే అదే విడిపోతుంది. పొర లోపలి రెక్కను మధ్యకు లాగితే దానికి అంటుకుని మూత్రనాళం కూడా పక్కకు వస్తుంది. అది మూత్రనాళమేనా? ఫోర్సెప్స్ కొనతో తాకి చూస్తారు. ధమని అయితే గుండెతో పాటు కొట్టుకుంటుంది. మూత్రనాళం తాకిన చోటు నుంచి కిందికి ఒక్కసారి పాకుతుంది. ఒకసారి చూసిన వాళ్లు మరిచిపోలేని కదలిక అది.

ఇప్పుడు పెద్ద ధమని చీలే చోటు వెతకాలి. నడుము కింద, త్రికాస్థి తుంటి ఎముకతో కలిసే కీలు ముందు కామన్ ఇలియాక్ ధమని రెండవుతుంది, మూత్రనాళం సరిగ్గా ఆ దగ్గరే దాన్ని దాటుతుంది. ఒక కొమ్మ కండరం అంచు వెంట కాలికి పోతుంది, అది ఎక్స్‌టర్నల్. ఇంకోటి లోతుకు దిగుతుంది, మనకు కావాల్సింది అదే. పొరపాటున మొదటిది కట్టేస్తే కాలికి రక్తం అందదు. అందుకని ముడి వేయక ముందు, ఎంచుకున్న నాళాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని, గజ్జల్లో నాడి చూడమంటారు. నాడి కొట్టుకుంటోందని జవాబు వచ్చాకే దారం అడుగుతారు. ముడి పడ్డాక మళ్లీ చూస్తారు. రక్తం పోతూ ఉండగా కూడా ఈ రెండు తనిఖీలూ మానకపోవడం మంచి చేతికి గుర్తు.

ముడి చీలిక దగ్గర వేయరు. రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతారు. ఈ లోగా వెనక్కి ఒక శాఖ విడిపోతుంది, పిరుదు కండరాలకు వెళ్లేది. దాన్ని వదిలిపెట్టాలి. ఇంతవరకూ అంతా తెలివి. ఇక్కడి నుంచి వేళ్లు. ధమనికి వెనకే, దాదాపు అంటుకుని, ఇంటర్నల్ ఇలియాక్ సిర ఉంటుంది. దాన్ని చింపితే, ఏ ముప్పు తప్పించడానికి వచ్చామో అంతకు మించిన ముప్పు. ధమనిని మెత్తటి పట్టున్న బాబ్‌కాక్ ఫోర్సెప్స్‌తో కాస్త ఎత్తి పట్టుకుంటారు. కొన లంబంగా వంగిన మిక్స్‌టర్ ఫోర్సెప్స్‌ని మూసి ఉంచి, ధమనికి ఆనించి, బయటి వైపు నుంచి లోపలి వైపుకు దూరుస్తారు. దిక్కు మారకూడదు. లోపలి నుంచి బయటికి తోస్తే కొన పోయి ఎక్స్‌టర్నల్ ఇలియాక్ సిరకు గుచ్చుకుంటుంది. బలం వాడరు. అడ్డు తగిలితే వెనక్కి తీసి ఇంకో పొర విడదీస్తారు. కొన ఇవతల తేలాక, దాని నోట్లో దారం పెట్టి, వచ్చిన దారినే లాగుతారు. ముడి. కాస్త ఎడంగా ఇంకో ముడి. ధమనిని కోయరు, కట్టి వదిలేస్తారు. తర్వాత రెండో పక్కకు.

ఇదంతా అలవాటున్న చేతికి ఎక్కువ సేపు పట్టదు. అయినా వేగంగా కనబడదు, అదే విచిత్రం.

మాక్స్ బ్రోడెల్ అనే జర్మన్ చిత్రకారుడు బాల్టిమోర్‌కు వచ్చి కెల్లీ దగ్గర చేరింది కూడా 1894లోనే. 1898లో వచ్చిన కెల్లీ ఆపరేషన్ల గ్రంథానికి బొమ్మలు వేసిన వారిలో ఆయన ముఖ్యుడు. బొమ్మ వేసే ముందు శరీర భాగాలను స్వయంగా పరిశీలించి తెలుసుకునే మనిషి. ఏ పొర వెనక ఏముందో చేతికి తెలియాలంటే ముందు కంటికి తెలియాలని అక్కడి వాళ్లకు బాగా అర్థమైనట్టుంది.

ఈ ముడి రక్తాన్ని ఎలా ఆపుతుందన్నది మాత్రం చాలా కాలం తప్పుగానే అనుకున్నారు. దారి మూసేశాం, రక్తం రాదు, అంతే కదా అని. 1960లలో అమెరికాలో బర్చెల్ అనే డాక్టరు కొలిచి చూస్తే తేలింది వేరు. రెండు వైపులా కట్టాక కూడా ముడి కింద సగటు రక్తపోటు 24 శాతమే తగ్గింది. ప్రవాహం 48 శాతం తగ్గింది. కానీ గుండె కొట్టినప్పుడల్లా ఎగసే పోటు ఏకంగా 85 శాతం పడిపోయింది. నడుము నుంచి, త్రికాస్థి ముందు నుంచి, పురీషనాళం పైనుంచి వచ్చే చిన్న చిన్న నాళాలు పక్కదారిన రక్తాన్ని తెస్తూనే ఉన్నాయి. డెల్టా రైతుకు ఇది వెంటనే బోధపడుతుంది. పెద్ద కాలువ తూము దించితే పిల్ల కాలువల్లో నీళ్లు ఆగవు, ఉరవడి చస్తుంది. ఉరవడి చచ్చాక గండిలో వేసిన మట్టి నిలుస్తుంది. ఇక్కడ మట్టి అంటే గడ్డకట్టే రక్తం. ఆ పక్కదారుల పుణ్యాన అవయవాలూ చచ్చిపోవు. గర్భసంచి ఉంచి ఈ ముడి వేయించుకున్న స్త్రీలు తర్వాత గర్భం దాల్చి బిడ్డల్ని కన్నారు.

ఇంత మెచ్చుకున్నాక ఇది అన్నింటికీ మందు కాదని కూడా చెప్పాలి. రక్తం సిర నుంచి వస్తుంటే ధమని కట్టి లాభం తక్కువ. అందులోనూ త్రికాస్థి ముందుండే సిరల వల మహా మొండిది. వెన్నెముక సిరలతో దానికి నేరుగా సంబంధం, ఆ సిరల్లో కవాటాలు లేవు. ఈ సంగతి 1940లో బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త చూపించారు. పురీషనాళ క్యాన్సర్ తీసేటప్పుడు ఆ వల చిరిగితే, తెగిన సిర ఎముక రంధ్రంలోకి ముడుచుకుపోతుంది. పట్టుకోవడానికి కొస దొరకదు. కుట్టు వేస్తే సూది ఎముకకు తగిలి ఇంకో రెండు చిరుగులు చేస్తుంది.

దీనికి దొరికిన ఉపాయం నాకు ఈ మొత్తం చరిత్రలోనే అన్నిటికంటే ఇష్టం. గోడకు కాగితం అంటించే డ్రాయింగ్ పిన్ను. 1980లలో చైనా సర్జన్లు దీని గురించి రాశారు, 1986లో నివత్‌వాంగ్స్, ఫాంగ్ కలిసి రాసిన వ్యాసం శీర్షికలోనే ఆ పిన్ను పేరుంది. స్టెరిలైజ్ చేసిన పిన్నును, ఇప్పుడైతే టైటానియం పిన్నును, రక్తం వచ్చే రంధ్రం మీద నిటారుగా పెట్టి ఎముకలోకి దిగేదాకా నొక్కుతారు. తల సిరను ఎముకకు అదిమి పట్టుకుంటుంది. అది అక్కడే ఉండిపోతుంది. 1994లో షు, లిన్ అనే ఇద్దరు ఇంకో మార్గం చెప్పారు. కడుపు కోసినప్పుడు దారిలో ఉన్న రెక్టస్ కండరం నుంచే చిన్న ముక్క కోసి, కారే చోట అదిమి పెట్టి, దాని మీద కరెంటుతో కాల్చే కాటరీ పెట్టడం. కండరం మాడి సిర గోడకు అతుక్కుపోతుంది. రోగి ఒంట్లోదే మాసిక. కాటరీని నేరుగా సిర మీద పెడితే రంధ్రం పెద్దదవుతుంది, మధ్యలో కండరం పెడితే మూసుకుంటుంది. ఇది తట్టిన క్షణం ఎలాంటిదో అనిపిస్తుంది నాకు.

అసలు ఆ వల చిరగకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. 1982లో బ్రిటన్ సర్జన్ బిల్ హీల్డ్, పురీషనాళాన్ని వెనక నుంచి చేత్తో పెకలించే పాత పద్ధతి వదిలి, పొరకూ పొరకూ మధ్య కంటితో చూస్తూ కోయమన్నారు. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆయన చెప్పిన మాట అది, కానీ ఆ దారిలో పోతే రక్తమూ తక్కువే.

ముందే జాగ్రత్తపడటం అన్న కళలో పెద్ద పేరు లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి సర్జన్ విక్టర్ బోనీది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు అనే గడ్డలుంటే దాన్నే తీసేయడం ఆనాటి రివాజు. రక్తం భయమే అందుకు పెద్ద కారణం. ఫైబ్రాయిడ్ల వల్ల బోనీ భార్యకే గర్భసంచి తీసేయాల్సి వచ్చింది, వాళ్లకు పిల్లల్లేరు. గడ్డలు తీసి గర్భసంచిని నిలపడం ఆయన జీవితకాలపు పట్టుదల అయింది. అందుకు ఆయన చేసుకున్న పరికరం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. గర్భాశయ ముఖద్వారం దగ్గర రెండు పక్కల గర్భాశయ ధమనులనూ కలిపి పట్టే క్లాంప్. అది జారిపోకుండా ముందున్న రౌండ్ లిగమెంట్లను కూడా అందులోనే ఇరికిస్తారు. పైన అండాశయం వైపు నుంచి వచ్చే నాళాలకు రింగ్ ఫోర్సెప్స్. ఇలా దారులన్నీ మూశాక, వీలైతే ముందు గోడ మీద ఒకే కోత పెట్టి, ఆ ఒక్క దారినే లోపలికి పోయి దూరంగా ఉన్న గడ్డల్ని కూడా ఒలిచి తీయడం. ఒకసారి ఒకే గర్భసంచి నుంచి 225 గడ్డలు తీశారు. 1946లో ఈ ఆపరేషన్‌లోని చిన్న చిన్న మెళకువల మీదే ఒక పుస్తకం రాశారు, శీర్షికలోనే ఆ మాట పెట్టుకున్నారు.

క్లాంప్ బదులు ఇప్పుడు ముఖద్వారం చుట్టూ రబ్బరు క్యాథెటర్ బిగిస్తున్నారు, వంద మిల్లీలీటర్ల సెలైన్‌లో 20 యూనిట్ల వేసోప్రెసిన్ కలిపి గడ్డ చుట్టూ ఎక్కిస్తున్నారు. ఆ మందు పొరపాటున నాళంలోకి పోతే గుండె నెమ్మదిస్తుంది, ఆగిపోవచ్చు కూడా. కాబట్టి సూది వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని, మత్తు డాక్టరుకు చెప్పి మరీ ఎక్కిస్తారు. పొట్ట మూసే ముందు కట్టు వదిలి, దాక్కున్న రక్తపు చుక్క బయటికొస్తుందేమో చూసి, అప్పుడు మూస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో అన్నిటికంటే ఎక్కువ కనబడేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. బోనీ పుస్తకం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తొస్తుంది.

కట్టినా, కుట్టినా, నొక్కినా ఆగని రోజూ ఉంటుంది. ఒళ్లు చల్లబడి, రక్తంలో ఆమ్లం పెరిగి, గడ్డకట్టే గుణమే పోయాక ఎక్కడ కుట్టినా సూది రంధ్రం నుంచి కూడా కారుతుంది. ఆ సంగతి ముందుగా పసిగట్టేది తలవైపు కూర్చున్న మత్తు డాక్టరు. “ఇక ఆపండి సార్, ప్యాక్ చేసి బయటికొచ్చేయండి” అని ఆయనంటే విని ఊరుకోవడం కూడా పనితనమే. ప్యాక్‌లలో చిత్రమైనది 1926లో గ్రీకు డాక్టరు లోగోథెటోపులోస్ చెప్పింది. గర్భసంచి తీసేశాక మిగిలే ఖాళీలో ఒక స్టెరైల్ సంచి పెట్టి, ఒకదానికొకటి ముడేసిన గాజుగుడ్డ చుట్టలతో దాన్ని నింపి, మూతిని యోని ద్వారా బయటికి తీస్తారు. లోపల అది గొడుగులా విచ్చుకుంటుంది. బయటి కొసకు లీటరు సెలైన్ సంచి కట్టి మంచం కాళ్లవైపు నుంచి వేలాడదీస్తారు. ఆ బరువు గొడుగును కటి అడుగుకు లాగి ఒకటి రెండు రోజులు అదిమి ఉంచుతుంది. ఒళ్లు వెచ్చబడి, రక్తం కుదుటపడ్డాక గాజుగుడ్డను కింది నుంచే కొంచెం కొంచెంగా లాగేస్తారు, మళ్లీ పొట్ట కోయక్కర్లేదు. ఇంత తేలికైన, ఇంత తెలివైన సాధనం చేసిన మనిషే 1942 డిసెంబరులో, నాజీలు ఆక్రమించిన గ్రీసుకు వాళ్ల అండతో ప్రధానమంత్రి అయ్యారు. యుద్ధం తర్వాత ద్రోహిగా శిక్ష పడింది. ఆయన సంచిని మాత్రం ఎవరూ పారేయలేదు.

గజ్జల దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, కణితి నాళాల్లో రేణువులు నింపి మూసేసే ఎంబొలైజేషన్ వచ్చాక కథ మారింది. ప్యారిస్‌లో రవీనా బృందం ఫైబ్రాయిడ్ ఆపరేషన్‌కు ముందు రక్తం తగ్గడానికని ఇది చేస్తే, చాలామంది స్త్రీలకు బాధలే తగ్గిపోయి ఆపరేషన్ అవసరమే పడలేదు. 1995లో లాన్సెట్‌లో ఆ సంగతి రాశారు.

దాంతో కెల్లీ ముడి వేయాల్సిన సందర్భాలు తగ్గాయి, నేర్చుకునే అవకాశాలూ తగ్గాయి. లింఫు గ్రంథులు తీసే క్యాన్సర్ సర్జన్‌కు ఆ నాళాలు రోజూ చూసే ముఖాలే. జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి ఒంటరిగా ఉండే గైనకాలజిస్టుకు మాత్రం ఆ ధమని ఏళ్లకోసారి కూడా ఎదురుపడదు. ఎంబొలైజేషన్ సదుపాయం లేనిది కూడా అక్కడే. అందుకే కొందరు పెద్ద డాక్టర్లు రక్తస్రావం లేని మామూలు ఆపరేషన్లలోనే పీజీని ముందు నిలబెట్టి, పొర తెరిచాక మూత్రనాళం ఏదో, ధమని ఎక్కడ చీలిందో వేలితో చూపించమంటారు. ఫోర్సెప్స్ దూర్చి దారం లాగడం మాత్రం అనాటమీ హాల్లో, శవం మీద నేర్పిస్తారు.